గ్లవ్ గొప్పది, బ్యాట్ అంతంతమాత్రం: ఇలాంటి యువ క్యాచర్‌ను ఎలా బేరీజు వెయ్యాలి?

అమెరికా బేస్‌బాల్‌లో క్యాచర్ అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ వేసే బంతిని పట్టేవాడు, మన కీపర్ లాంటివాడు. 2010 సీజన్ ముగిసేసరికి ఏంజెల్స్ జట్టు దగ్గర ఇద్దరు క్యాచర్లున్నారు. మైక్ నాపోలీ బంతిని స్టాండ్స్‌లోకి పంపగలడు, కానీ ప్లేట్ వెనక అతని పని మేనేజర్‌కు నచ్చదు. జెఫ్ మాథిస్‌కు ప్లేట్ వెనక వంక పెట్టలేం, బ్యాట్ పడితే మాత్రం పరుగులు రావు. మేనేజర్ మైక్ సోషా ఒకప్పుడు డాడ్జర్స్‌కు క్యాచర్‌గా ఆడినవాడు, ఆయన మొగ్గు మాథిస్ వైపే. 2011 జనవరిలో నాపోలీని టొరాంటోకు ఇచ్చేశారు. కొద్ది రోజులకే టొరాంటో అతన్ని టెక్సాస్ రేంజర్స్‌కు పంపింది. ఆ ఏడాది నాపోలీ .320 సగటుతో 30 హోమ్ రన్లు కొట్టాడు, రేంజర్స్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. మాథిస్ సగటు .174. బేస్‌బాల్ కొత్తవాళ్ల కోసం: .250 అంటే బ్యాట్‌తో నాలుగు అవకాశాలకు ఒక హిట్. .200 కిందికి దిగితే మామూలుగా ఉద్యోగం పోతుంది.

ఈ కథను చాలామంది ఇక్కడే ఆపేసి, గ్లవ్‌ను నమ్మితే ఇంతే అంటారు. తర్వాత జరిగింది కూడా చూడాలి. నాపోలీ చివరి సీజన్ 2017. మాథిస్ 2021 దాకా మేజర్ లీగ్‌లో ఉన్నాడు. మొత్తం 17 సీజన్లు, కెరీర్ సగటు .194. బ్యాట్ ఇంత బలహీనమైన మనిషిని ఆరు జట్లు పిలిచి మరీ పెట్టుకున్నాయి.

అంటే ఏంజెల్స్ ఎంపిక తప్పే, మాథిస్ కెరీర్ మాత్రం విజయమే. రెండూ నిజం కావడానికి కారణం, ఇక్కడ ఒకటి కాదు రెండు ప్రశ్నలుండటం. ఈ కుర్రాడు మేజర్ లీగ్‌లో నిలబడతాడా అన్నది మొదటిది. వారానికి ఐదు రోజులు ఆడే ప్రధాన క్యాచర్ అవుతాడా అన్నది రెండోది. మొదటిదానికి గ్లవ్ సమాధానం చెబుతుంది, రెండోదానికి బ్యాట్. యువ క్యాచర్ల మీద జరిగే వాదనల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. మీ జట్టు మైనర్ లీగుల్లో ఇద్దరు క్యాచర్లు ఎదుగుతున్నారు, ఒకడిది గ్లవ్, ఇంకొకడిది బ్యాట్, ఎవరి మీద ఆశ పెట్టుకోవాలి అని అడిగితే నా సమాధానం ఈ విభజన నుంచే మొదలవుతుంది.

క్రికెట్ కళ్లతో చూస్తే ఎక్కడ పొరబడతాం

మనవాళ్లకు ఈ విషయం చెప్పాలంటే విశాఖపట్నం కె.ఎస్. భరత్ పేరు ముందు గుర్తొస్తుంది. 2021 నవంబర్‌లో కాన్పూర్ టెస్టులో సాహా మెడ పట్టేసి ఆడలేకపోతే, తుది జట్టులో లేని భరత్ వచ్చి గ్లవ్స్ వేసుకుని అద్భుతంగా కీపింగ్ చేశాడు. 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో టెస్టు టోపీ అందుకున్నాడు. 7 టెస్టులు ఆడాడు, అత్యధిక స్కోరు 44. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో అతని స్థానం ధ్రువ్ జురెల్‌కు వెళ్లింది. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి కీపర్‌కే ఇలా జరిగింది. కాబట్టి కీపింగ్ ఎంత బాగున్నా బ్యాట్ లేకపోతే దారి మూసుకుపోతుందని మనకు నాటుకుపోయింది.

బేస్‌బాల్‌లో ఆ దారి అంత ఇరుకు కాదు. మొదటి కారణం, టెస్టు జట్టులో రెండో కీపర్ బెంచీ మీదే ఉంటాడు. మేజర్ లీగ్ జట్టు 162 మ్యాచ్‌లు ఆడాలి, మోకాళ్ల మీద కూర్చుని ఏ మనిషీ అన్నీ ఆడలేడు. అందుకే 26 మంది జట్టులో దాదాపు ఎప్పుడూ ఇద్దరు క్యాచర్లుంటారు, రెండో అతను కూడా యాభై అరవై మ్యాచ్‌లు ఆడతాడు. 30 జట్లకు అరవై ఉద్యోగాలు. అందులో సగం గ్లవ్ వాళ్లకు అనువైనవే. రెండో కారణం, క్యాచర్ ప్రతి బంతినీ అందుకోవడమే కాదు, దాని తీర్పును కూడా ప్రభావితం చేస్తాడు. స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీద ఉండే ఊహా చట్రం) అంచు మీద పడ్డ బంతిని ఎలా పట్టాడన్న దాన్నిబట్టి అంపైర్ స్ట్రైక్ (పిచర్‌కు లాభం) అనొచ్చు, బాల్ (బ్యాటర్‌కు లాభం) అనొచ్చు. క్రికెట్ కీపర్‌కు ఇలాంటి పని లేదు.

బ్యాట్ విషయంలో గీత కూడా కిందే ఉంది. ఇటీవలి సీజన్లలో మేజర్ లీగ్ క్యాచర్లందరి సగటూ కలిపి .240 దరిదాపుల్లోనే ఉంటోంది. తోటి క్యాచర్లతో పోల్చకుండా ఫస్ట్ బేస్‌మన్‌తో పోలిస్తే ప్రతి క్యాచరూ పనికిరానివాడిలానే కనిపిస్తాడు.

గ్లవ్ అంటే ఒక్క నైపుణ్యం కాదు

"డిఫెన్స్ బాగుంది" అని రాసి వదిలేసే నివేదికను నమ్మకండి. అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి, వాటి విలువ ఒకటి కాదు, నేర్పగలిగే తీరూ ఒకటి కాదు.

ఫ్రేమింగ్ అన్నిటికన్నా ఖరీదైనది. అంచు బంతిని గ్లవ్ ఊపకుండా, తల కదపకుండా మెత్తగా పట్టి స్ట్రైక్‌గా మార్చుకోవడం. 2000ల చివర్లో ప్రతి బంతి దారినీ కెమెరాలు నమోదు చెయ్యడం మొదలుపెట్టాకే దీని లెక్క బయటపడింది. హోసే మోలీనా లాంటి, కెరీర్‌లో ఎక్కువ భాగం బ్యాకప్‌గా గడిపిన మనిషి ఇన్నేళ్లుగా ఎన్ని పరుగులు ఆపాడో అప్పుడు తెలిసింది. మేజర్ లీగ్ వారి కెమెరా వ్యవస్థ స్టాట్‌కాస్ట్ లెక్కలో బాల్ కావాల్సినదాన్ని స్ట్రైక్ చేస్తే దాని విలువ 0.125 పరుగు. చిన్నదిగా కనిపిస్తుంది. కానీ సీజన్‌లో సగటు క్యాచర్ కన్నా 80 స్ట్రైకులు ఎక్కువ రాబడితే 10 పరుగులు, అంటే సుమారు ఒక గెలుపు. మంచివాళ్లు దీనికి రెట్టింపు కూడా రాబడతారు. ప్రధాన క్యాచర్ ఏడాదిలో పట్టే వేల బంతుల్లో ఇది సాధ్యమే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇంత విలువైన ఫ్రేమింగే మిగతా మూడిటికన్నా బాగా నేర్పగలిగేది కూడా. 2018లో మినెసోటా ట్విన్స్ క్యాచర్ మిచ్ గార్వర్ ఫ్రేమింగ్ లీగ్‌లో అట్టడుగు వరుసలో ఉండేది. కోచ్ టానర్ స్వాన్సన్ అతన్ని ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, గ్లవ్ కింది నుంచి పైకి వచ్చేలా సాధన చేయించాడు. మరుసటి ఏడాదికే గార్వర్ ఆ లోపం చాలావరకు సరిదిద్దుకున్నాడు, 31 హోమ్ రన్లూ కొట్టాడు. స్వాన్సన్ తర్వాత యాంకీస్‌కు వెళ్లాడు. ఇప్పుడు మేజర్ లీగ్‌లో దాదాపు అందరూ ఒక మోకాలి మీదే కూర్చుంటున్నారు.

త్రో వేరే సంగతి. స్టీల్ చేసే, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు పరుగెత్తే రన్నర్‌ను అవుట్ చెయ్యడానికి విసిరేది ఇది. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు 127 అడుగుల చిల్లర. బంతి క్యాచర్ గ్లవ్‌ను తాకినప్పటి నుంచి రెండో బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడేదాకా పట్టే సమయాన్ని పాప్ టైమ్ అంటారు. మేజర్ లీగ్‌లో 2.0 సెకన్లు సాధారణం, 1.9 చాలా మంచిది. పాదాలు సర్దుకునే వేగాన్ని, బంతిని గ్లవ్ నుంచి చేతికి తీసే పనిని సాధనతో కాస్త మెరుగుపరచొచ్చు, చేతి బలాన్ని మాత్రం ఎవరూ నేర్పలేరు. 2023లో బేస్‌లను 15 అంగుళాల నుంచి 18కి పెంచి, పిచర్ రన్నర్‌ను ఆపడానికి చేసే ప్రయత్నాలకు హద్దు పెట్టాక ఈ నైపుణ్యం మీద ఒత్తిడి పెరిగింది. 2022లో లీగ్ మొత్తం మీద 2,486 స్టీల్స్, 2023లో 3,503.

బ్లాకింగ్ నేల మీద పడే బంతులను ఒంటితో ఆపే పని. దీని లెక్క చిన్నదే అయినా, నేను చూసేది లెక్క కాదు. మూడో బేస్‌లో రన్నర్ ఉండగా పిచర్ ధైర్యంగా స్ప్లిటర్‌ను (చివర్లో కిందికి పడిపోయే బంతిని) నేలకు కొడుతున్నాడా? కొడితే ఆ పిచర్‌కు క్యాచర్ మీద నమ్మకముంది. ఇంతకన్నా మంచి కొలమానం నాకు తెలియదు.

నాలుగోది మ్యాచ్ నడపడం: ఏ బంతి అడగాలి, పిచర్ తడబడుతుంటే ఎప్పుడు లేచి వెళ్లాలి. ఇది ముఖ్యమే, కానీ దీనికి అంకెలు లేవు. ఫలానా క్యాచర్ ఉన్నప్పుడు పిచర్లు ఇన్ని పరుగులే ఇచ్చారు అనే లెక్కలు చూపిస్తే పక్కన పెట్టండి, వాటిలో అదృష్టమే ఎక్కువ. స్పానిష్, ఇంగ్లిష్ రెండూ మాట్లాడగలడా, పెద్ద పిచర్లు తమ రోజున అతన్నే కావాలంటున్నారా అన్నవి పనికొచ్చే ఆనవాళ్లు.

దీన్నిబట్టి నా లెక్క ఇది. ఫ్రేమింగ్ ఒక్కటే ఉన్న కుర్రాడి గ్లవ్‌ను రెండో వాడు మూడేళ్లలో అందుకోవచ్చు. త్రో, చురుకైన చేతులు, బ్లాకింగ్ ఉండి ఫ్రేమింగ్ ఇంకా మామూలుగా ఉన్నవాడు నిజంగా ముందున్నాడు.

2020 డ్రాఫ్ట్ చెప్పే పాఠం

డ్రాఫ్ట్ అంటే జట్లు వరుసగా హైస్కూల్, కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం. కోవిడ్ వల్ల ఆ ఏడాది అది ఐదు రౌండ్లే జరిగింది. మొదటి నలభై ఎంపికల్లోనే ఐదుగురు క్యాచర్లు వెళ్లారు, మన ప్రశ్నకు దాదాపు ప్రయోగశాల లాంటి గుంపు.

13వ స్థానంలో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి పాట్రిక్ బెయిలీని తీసుకుంది. రెండు వైపులా బ్యాట్ చేస్తాడు, పేరు మాత్రం గ్లవ్‌తోనే వచ్చింది. 2021లో మైనర్ లీగ్ జట్టు యూజీన్‌లో .185 దగ్గర ఇరుక్కుపోతే ఒక మెట్టు కిందికి, శాన్ హోసేకి దింపారు. అక్కడ తేరుకున్నాడు. 2023 మేలో మేజర్ లీగ్‌కు వచ్చి, 2018 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఎంపికైన జోయీ బార్ట్ చోటును కొద్ది వారాల్లోనే సొంతం చేసుకున్నాడు. 2024, 2025 రెండేళ్లూ నేషనల్ లీగ్ గోల్డ్ గ్లవ్ (ఆ స్థానంలో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే అవార్డు) అతనిదే. అదే సమయంలో బ్యాట్ చూడండి: .233, .234, .222. 2025 జులైలో ఫిలడెల్ఫియా మీద బంతి గోడకు తగిలి దారి మళ్లితే చుట్టూ పరుగెత్తి మ్యాచ్ గెలిపించిన ఆ హోమ్ రన్ అందరికీ గుర్తుంది, కానీ ఏడాదికి అతను కొట్టేవి ఆరో, ఏడో, ఎనిమిదో. 2023లోనూ 2024లోనూ సీజన్ రెండో సగంలో బ్యాట్ బాగా చల్లబడింది. ప్లేట్ వెనక ఎక్కువ మ్యాచ్‌లు ఆడే కుర్రాళ్లలో ఇది తరచూ కనిపించేదే. గ్లవ్ శిఖరాన ఉంటే ఇంత బ్యాట్‌తోనూ ప్రధాన క్యాచర్ కావచ్చని బెయిలీ నిరూపించాడు. కానీ గమనించండి, శిఖరాన ఉంటేనే. ఆ గ్లవ్ రెండు మెట్లు దిగితే ఈ బ్యాట్‌తో అతను బ్యాకప్.

28వ స్థానంలో యాంకీస్ అరిజోనా విశ్వవిద్యాలయం నుంచి ఆస్టిన్ వెల్స్‌ను తీసుకుంది. అతని బ్యాట్ మీద ఎవరికీ అనుమానం లేదు. క్యాచర్‌గా నిలవడు, ఫస్ట్ బేస్‌కో లెఫ్ట్ ఫీల్డ్‌కో మారిపోతాడు అన్నారు చాలామంది. 2024లో పూర్తి స్థాయిలో ఆడి, ఫ్రేమింగ్‌లో లీగ్ ముందు వరుసలో నిలిచాడు. 2025లో .219 సగటుతోనే అయినా 21 హోమ్ రన్లు కొట్టాడు. బ్యాట్ కుర్రాడు గ్లవ్ నేర్చుకున్నాడు. ఆ సంస్థలో ఎవరు నేర్పుతున్నారో పైన చెప్పాను.

డెట్రాయిట్ 38వ స్థానంలో తీసుకున్న డిలన్ డింగ్లర్ ఒహాయో స్టేట్ వాడు. చురుకైన అథ్లెట్, చెయ్యి గట్టిది, బ్యాట్ ఓ మోస్తరు. 2024లో మొదటిసారి పైకి వచ్చినప్పుడు .167. చాలామంది ఆశ వదిలేశారు. 2025లో .278, 13 హోమ్ రన్లు, అమెరికన్ లీగ్ గోల్డ్ గ్లవ్. ఐదుగురిలో నాకు ఆదర్శంగా కనిపించేది ఇతనే. అన్ని పనులూ బాగా చెయ్యగల ఒళ్లు, ఏదో ఒకదాని మీదే ఆధారపడని గ్లవ్, బంతిని తాకగలిగే బ్యాట్.

మిగిలిన ఇద్దరూ హైస్కూల్ కుర్రాళ్లు. ఓక్లండ్ 26వ స్థానంలో తీసుకున్న టైలర్ సోడర్‌స్ట్రామ్ బ్యాట్ ఎంత ముందుందంటే, క్యాచింగ్ నేర్చుకునేదాకా ఆగలేకపోయారు. ఫస్ట్ బేస్‌కు, ఆ తర్వాత లెఫ్ట్ ఫీల్డ్‌కు మార్చారు, 2025లో 25 హోమ్ రన్లు కొట్టాడు. ఆటగాడిగా గెలిచాడు, జట్టుకు క్యాచర్ మాత్రం దొరకలేదు. కొలరాడో 35వ స్థానంలో టెక్సాస్ కుర్రాడు డ్రూ రోమోను తీసుకుంది. ఆ ఏడాది హైస్కూల్ క్యాచర్లలో గ్లవ్‌కు బాగా పేరున్నవాడు. 2024లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందున్న ఆల్బుకర్కీలో .297 కొట్టి ఆగస్టులో పైకొచ్చాడు, అక్కడ ఆడిన కాసిని మ్యాచ్‌లలో .200 దాటలేదు.

ఐదుగురిని చూసి సూత్రం కట్టలేం, ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు చూసినా ఇదే తీరు. 2013లో పైరేట్స్ 14వ స్థానంలో తీసుకున్న హైస్కూల్ గ్లవ్ కుర్రాడు రీస్ మెగ్వైర్ 2018లో పైకొచ్చి, ఎక్కువగా బ్యాకప్‌గానే స్థిరపడ్డాడు. పద్దెనిమిదేళ్ల గ్లవ్ క్యాచర్‌ను మొదటి రౌండ్‌లో తీసుకోవడం నాకు ఎప్పుడూ ఒప్పుదల కాదు. అతని బ్యాట్ ఎలా ఉంటుందో తేలేసరికి అయిదారేళ్లు పడుతుంది, ఆ లోపు అదే డబ్బుతో ఇరవై రెండేళ్ల కాలేజీ క్యాచర్ పైకొచ్చి ఆడేస్తుంటాడు.

పాడ్రెస్ ఈథన్ సాలస్ ఈ మాటకు పెద్ద పరీక్ష. 2023 జనవరిలో పదహారేళ్లకే 56 లక్షల డాలర్లకు సంతకం చేయించారు, అదే ఏడాది డబుల్-ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) దాకా పంపారు. గ్లవ్ వయసుకు మించి ఉందని అందరూ అన్నారు, అది నిజం. 2024లో మైనర్ లీగ్ జట్టు ఫోర్ట్ వేన్‌లో బ్యాట్ .206 దగ్గర ఆగింది. 2025లో వెన్ను గాయంతో కొద్ది మ్యాచ్‌లే ఆడాడు. వయసును చూస్తే ఇంకా చాలా కాలముంది. కానీ గ్లవ్ సిద్ధంగా ఉందని బ్యాట్‌ను కూడా దానితో పాటు తోసుకుంటూ పోతే, ఆ కుర్రాడు ప్రతి మెట్టు మీదా తనకన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్ల బంతులను ఎదుర్కోవాలి. గ్లవ్ క్యాచర్ల విషయంలో సంస్థలు చేసే అతి సాధారణమైన తొందరపాటు ఇది.

బ్యాట్‌లో దేన్ని చూడాలి

సగటు చూసి మోసపోవద్దు. ఆస్టిన్ హెడ్జెస్ 2016లో ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద) ఎల్ పాసోలో .326 కొట్టాడు, 21 హోమ్ రన్లతో. బ్యాట్ వచ్చేసిందని పాడ్రెస్ అభిమానులు పండగ చేసుకున్నారు. ఎల్ పాసో సముద్రమట్టానికి కిలోమీటరు పైన ఉన్న ఊరు, పలుచని గాలి, బంతి ఎగిరిపోతుంది. మేజర్ లీగ్‌లో 2017లో .214, 2019లో .176. ఆల్బుకర్కీ ఇంకా ఎత్తు, రోమో అంకెలనూ అలాగే చదవాలి. ఈ రెండు ఊళ్లూ ఉన్న పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో మంచి సగటు కనిపిస్తే ముందు ఊరి పేరు చూడండి.

చూడాల్సింది స్ట్రైకవుట్ల (మూడు స్ట్రైకులు పడి అవుటవ్వడం) శాతం. యాడియర్ మోలీనా 2006లో .216 కొట్టాడు, మాథిస్‌కు దగ్గరి బంధువులా కనిపించే అంకె. కానీ ఆ ఏడాది కూడా అతని స్ట్రైకవుట్లు పదిశాతం లోపే. బంతి బ్యాట్‌కు తగులుతోంది, గట్టిగా తగలడం మిగిలింది. 2008కి .304, 2012లో .315, 2013లో .319. తొమ్మిది గోల్డ్ గ్లవ్‌లు, రెండు వేలకు పైగా హిట్లు. హెడ్జెస్ 2019 స్ట్రైకవుట్లు ముప్పై శాతం దాటాయి. గ్లవ్ కుర్రాడు ఎదుగుతాడా అన్నదానికి ఈ తేడాయే నా మొదటి కొలబద్ద. డబుల్-ఏలో ఇరవై శాతం దగ్గర ఉంటే ఆశ పెట్టుకుంటాను. ఇరవై ఎనిమిది దాటి, హోమ్ రన్లూ లేకపోతే బ్యాకప్‌గా రాసుకుంటాను.

ఇంకొకటి, ప్రతి గ్లవ్ కుర్రాడికీ యాడియర్ పేరు అంటగట్టడం మానాలి. అలా బ్యాట్ వచ్చినవాళ్లు అరుదు. మంచి గ్లవ్ కుర్రాడి సగటు భవిష్యత్తు యాడియర్ కాదు, హెడ్జెస్. అది చిన్నచూపు కూడా కాదు. 2024లో .152 కొట్టిన హెడ్జెస్‌కు క్లీవ్‌ల్యాండ్ 2025కి మళ్లీ 40 లక్షల డాలర్లు ఇచ్చింది. పిచర్లు అతన్ని వదులుకోవడానికి ఇష్టపడకపోవడమే అందుకు కారణం. 2023లో టెక్సాస్‌తో వరల్డ్ సిరీస్ ఉంగరమూ అందుకున్నాడు.

2026 నుంచి లెక్క మారుతోంది

2025 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ కొత్త నిబంధనను ఆమోదించింది. 2026 నుంచి బాల్-స్ట్రైక్ తీర్పును కెమెరా వ్యవస్థతో సవాలు చెయ్యొచ్చు. జట్టుకు రెండు సవాళ్లు, గెలిస్తే సవాలు మిగులుతుంది. అడగగలిగేది బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురే, అదీ డగౌట్ సాయం లేకుండా, వెంటనే టోపీ తట్టి. స్ట్రైక్ జోన్ పైగీత బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర, కింది గీత 27 శాతం దగ్గర.

దీంతో ఫ్రేమింగ్ చచ్చిపోతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. మ్యాచ్‌లో అంచు మీద పడే బంతులు డజన్ల కొద్దీ ఉంటాయి, సవాళ్లు రెండే. చాలా బంతులు అంపైర్ చెప్పినట్టే ఉండిపోతాయి. తగ్గేది కీలక ఘట్టాల్లో దొంగిలించే స్ట్రైకు, ఎందుకంటే బ్యాటర్ సవాలును దాచుకునేది అక్కడికోసమే. కాబట్టి విలువ కొంత తగ్గుతుంది, పోదు.

దానికి బదులు క్యాచర్‌కు కొత్త పని వచ్చింది. 2025 వసంత శిక్షణ మ్యాచ్‌లలో దీన్ని పరీక్షించినప్పుడు ముగ్గురిలో ఎక్కువ శాతం సవాళ్లు నెగ్గింది క్యాచర్లే, పిచర్లు బాగా వెనకబడ్డారు. పిచర్ తన బంతి ఎప్పుడూ స్ట్రైకే అనుకుంటాడు, క్యాచర్ దాన్ని కళ్ల ముందు చూస్తాడు. ఇకపై మంచి గ్లవ్ క్యాచర్ అంటే జోన్ అంగుళం తేడా లేకుండా తెలిసినవాడు, ఏ తీర్పుకు సవాలు వాడాలో, దేనికి ఆగాలో తెలిసినవాడు కూడా. ట్రిపుల్-ఏ కుర్రాళ్లు ఈ వ్యవస్థతో ఇప్పటికే కొన్నేళ్లుగా ఆడుతున్నారు, పైకి వచ్చేసరికి వాళ్లకిది అలవాటైన పనే.

ఎంపికలో దీని ప్రభావం: కేవలం ఫ్రేమింగ్ అంకెలతో వెలిగే కుర్రాడిని కొంచెం కిందికి, చెయ్యి, బ్లాకింగ్, తెలివి ఉన్నవాడిని కొంచెం పైకి జరపండి.

సరే, ఎవరిని ఎంచుకోవాలి?

మీరు ఒక జట్టు అభిమాని అయితే, ఇద్దరిలో ఎవరిని అట్టిపెట్టుకోవాలని కోరుకోవాలి అన్నది ఆ జట్టులో కోచింగ్ ఎలా ఉందో దాని మీద ఆధారపడుతుంది. క్యాచింగ్ నేర్పడంలో పేరున్న సంస్థ అయితే బ్యాట్ కుర్రాడి వైపు ఉండండి, వెల్స్ లాగా మిగతాది నేర్పేస్తారు. అలాంటి పేరు లేకపోతే, కాలేజీ నుంచి వచ్చి, డబుల్-ఏలో స్ట్రైకవుట్లు అదుపులో ఉన్న గ్లవ్ కుర్రాడే మేలు. బ్యాట్‌ను మొదటి నుంచి నేర్పి నిలబెట్టిన సంస్థలు నాకు చాలా తక్కువగా కనిపించాయి. రెండో క్యాచర్ కోసమైతే ఆలోచనే అక్కర్లేదు, గ్లవ్. ఆ కుర్రాడిని మార్పిడిలో పంపాలనుకుంటే డబుల్-ఏలో పేరు మోగుతున్నప్పుడే పంపాలి. మూడు ఆప్షన్ సంవత్సరాలు (జట్టు ఆటగాడిని స్వేచ్ఛగా మైనర్లకు పంపగలిగే ఏళ్లు) అయిపోయాక గ్లవ్ క్యాచర్ వేవర్ల మీద (వదిలేస్తే ఇంకో జట్టు ఊరికే తీసుకునే పద్ధతి) ఊరూరా తిరుగుతాడు, అప్పుడు బదులుగా ఏమీ రాదు.

ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లకు రెండు మాటలు చాలు. అక్కడ గ్లవ్‌కు పాయింట్లు లేవు. బెయిలీ లాంటివాడిని వదిలేసి బ్యాట్ కుర్రాడిని తీసుకోండి, అతను క్యాచర్ స్థానంలో ఇంకెంత కాలం ఉంటాడో మాత్రం చూసుకోండి. సోడర్‌స్ట్రామ్ క్యాచర్ స్థానం వదిలాక అక్కడ అతని విలువ తగ్గింది.

అమెరికాలో పిల్లలకు బేస్‌బాల్ నేర్పిస్తున్న మన కుటుంబాలు పెరుగుతున్నాయి, ఆ అమ్మానాన్నల కోసం కొంచెం వివరంగా చెబుతాను. మీ అబ్బాయి గ్లవ్‌తో మెరుస్తూ బ్యాట్‌తో వెనకబడితే క్యాచర్ స్థానం అతనికి నిజంగా దారి చూపగలదు, మరే స్థానమూ అంత ఓపిక చూపదు. కానీ హైస్కూల్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ ఒప్పందం కన్నా కాలేజీ దారిని గట్టిగా పరిశీలించండి. పైన చెప్పిన ముగ్గురు కాలేజీ క్యాచర్లూ మేజర్ లీగ్‌లో ప్రధాన క్యాచర్లయ్యారు. చదువు ఎలాగూ ఉంటుంది, మోకాళ్లకూ కాస్త విశ్రాంతి. వారాంతపు టోర్నమెంట్లలో రోజుకు రెండు మ్యాచ్‌లు క్యాచింగ్ చేయించే కోచ్‌లకు కాదని చెప్పడం మాత్రం మీ బాధ్యత.

మైదానంలో స్వయంగా చూడగలిగితే అంతకన్నా మంచిది లేదు. డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు ఫ్రిస్కోలోనే రేంజర్స్ డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. గ్లవ్ కుర్రాళ్ల బ్యాట్ తేలేది సరిగ్గా ఆ స్థాయిలోనే. ప్లేట్ వెనక టికెట్ తీసుకోండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. బంతి క్యాచర్ గ్లవ్‌ను తాకగానే మొదలుపెట్టి, రెండో బేస్ దగ్గర గ్లవ్‌లో పడగానే ఆపండి. ఇన్నింగ్స్‌కు ముందు సాధన త్రోలు లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు ముందే లేచి విసురుతారు. నిజంగా రన్నర్ పరుగెత్తినప్పుడు తీసిన సమయమే పనికొస్తుంది. రన్నర్ రెండో బేస్ చేరడానికి సుమారు 3.4 సెకన్లు పడుతుంది, అందులో పిచర్ బంతి ప్లేట్‌కు చేరడానికే 1.3 పోతుంది. మిగిలిన 2.1లోనే త్రో, ట్యాగ్ రెండూ అయిపోవాలి. 1.95 వేసే క్యాచర్‌కు అవుట్ దొరుకుతుంది, 2.1 వేసేవాడికి దొరకదు. తర్వాత బ్యాట్ పట్టినప్పుడు రెండు స్ట్రైకులు పడ్డాక ఏం చేస్తున్నాడో చూడండి. బయటికి జారే స్లైడర్‌ను ఫౌల్ కొట్టి బతికాడా, గాలిలో బ్యాట్ ఊపి వెనుదిరిగాడా అన్నది నోట్ చేసుకోండి. ఇలా నాలుగైదు మ్యాచ్‌లు చూశాక బేస్‌బాల్ సావంట్ సైట్‌లో ట్రిపుల్-ఏ అంకెలు ఉచితంగానే దొరుకుతాయి, ఆ కుర్రాడు పై మెట్టుకు చేరినప్పుడు మీ నోట్సుతో పోల్చి చూసుకోవచ్చు.